ప్రెస్ లైను లేని కాగితం

ఆ రోజు ఎస్సై అడిగినప్పుడు ఖాజా మొహినుద్దీన్ నా వైపు ఒక్కసారి చూశాడు. నోరు మెదపవద్దని చూశాడా, ఇప్పుడైనా విప్పమని చూశాడా? తొమ్మిదేళ్లయింది. డెబ్భై ఎనిమిదో ఏట కూర్చుని ఇది రాస్తున్నాను, జవాబు మాత్రం ఇంకా తెలియదు. తెలియనిదాన్ని పక్కన పెట్టి, తెలిసిన మనిషి గురించి రాస్తాను.

మట్టెవాడలో ఒక సందు చివర ఖాజా ప్రెస్ ఉండేది. నేను మొదటిసారి అక్కడికి వెళ్లింది మా ఆవిడ పెద్దకర్మ కార్డుల కోసం. డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషిని. ఇంట్లో పుస్తకాలున్నాయి కానీ మాట్లాడే మనిషి లేదు. కార్డు ప్రూఫు చూసి రెండు తప్పులు దిద్ది ఇస్తే, ఖాజా కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, "సారూ, రేపు గూడ వస్తరా?" అన్నాడు. వెళ్లాను. అలా ఆరేళ్లు వెళ్లాను. అక్షరాల గడులుండే టైపు కేసు వెనక నాకొక స్టూలు ఉండేది.

అప్పటికే ఊరంతా కంప్యూటర్లూ ఆఫ్‌సెట్‌లూ వచ్చేశాయి. ఖాజా దగ్గర మాత్రం మోటారు బిగించిన ఒకే ఒక్క పాత ట్రెడిల్ మిషను, సీసం అక్షరాలు. శివకాశి నుంచి వచ్చే రంగు కార్డుల మీద పెళ్లివారి పేర్లు వేయడం, బిల్లు బుక్కులు, చలాన్లు, రెండు మూడు వందల కరపత్రాలు. అంత తక్కువ సంఖ్యకు ఆఫ్‌సెట్ వాళ్లు ఒప్పుకోరు కాబట్టి అతని మిషను ఆగకుండా ఆడేది.

పదిహేనో ఏట ఒక ప్రెస్సులో చేరాడట. అచ్చయిపోయిన అక్షరాలను విడదీసి ఏ గడిలోది ఆ గడిలో వేయడం మొదటి పని. బడిలో నేర్చుకున్నది ఉర్దూ. తెలుగు నేర్చుకున్నది ఆ సీసం ముక్కల మీద, తలకిందులుగా. "కాగితం మీది తెలుగు నాకిప్పటికీ ఉల్టానే కనవడ్తది సారూ," అనేవాడు. అది హాస్యానికి అన్న మాట కాదు. కొత్త పుస్తకం ఏదైనా చేతికిస్తే ముందు దాన్ని తిరగేసి పట్టుకుని చూసేవాడు.

ఇద్దరు గిరాకీలు కొట్లాడుకుని ఒకరి మీద ఒకరు కరపత్రాలు వేయించుకుంటే, రెండూ ఖాజా ప్రెస్సులోనే అచ్చయిన సందర్భాలున్నాయి. ఏది వేసినా అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్ పేరు, ఊరి పేరు ఉండేవి. దాన్ని ప్రెస్ లైను అంటారు. అచ్చువేసినవాడు పేరు పెట్టాలన్నది చట్టం. చాలామంది పెళ్లి కార్డుల విషయంలో దాన్ని పట్టించుకోరు. ఖాజా మాత్రం ఆ ఒక్క వరుస అక్షరాలను దారంతో కట్టి విడిగా దాచుకునేవాడు, ఎన్నడూ విడదీసేవాడు కాదు.

"మా బిడ్డ పెండ్లి కార్డు మీద నీ పేరెందుకయ్యా?" అని ఎవరైనా అంటే, "రేపు తప్పు పడితే తిట్టనీకె పేరు కావాలె గదా," అనేవాడు.

కరెంటు పోయిన మధ్యాహ్నాలు మా ఇద్దరికీ కబుర్ల వేళ. ఆ రోజుల్లో నేను అమెరికాలో అచ్చు ఎలా మొదలైందన్న విషయం మీద ఒక లావుపాటి పుస్తకం చదువుతుండేవాణ్ని. చదివింది చదివినట్టు అతనికి చెప్పేవాణ్ని. అతని ప్రశ్నలు పుస్తకం రాసినవాళ్లకు తట్టినవి కావు.

"వాల్లకు అక్షరాలు ఏడికెల్లి వచ్చేటియి?"

"ఓడల మీద, ఇంగ్లండు నుంచి."

"అరిగిపోతె?"

"అరిగినవాటితోనే వేసేవాళ్లు, మళ్లీ ఓడ వచ్చేదాకా."

"మన తీర్గనే. కాగితం?"

"పాత గుడ్డలు నానబెట్టి చేసేవాళ్లు. చింకి గుడ్డలుంటే ఇవ్వండని పత్రికల్లో ఆడవాళ్లను బతిమాలుతూ ప్రకటనలు వేసేవాళ్లు."

దానికి చాలాసేపు నవ్వాడు. ఇంటికి వెళ్లి భార్యకు చెప్పాడట కూడా. "మరి పుస్తకాలు వేసి బతికిండ్రా?" అని అడిగాడు. పుస్తకాలతో ఎవరూ బతకలేదని, పంచాంగాలు, ఫారాలు, తప్పిపోయిన గుర్రాల ప్రకటనలు వేసి, పక్కనే సబ్బులూ సిరా అమ్ముకుని బతికారని చెప్పాను. "అంటే జాబ్ వర్కే అన్నట్టు," అని తృప్తిగా తల ఊపాడు. మూడు వందల ఏళ్ల కిందటి ఆ మనుషులు ఆ మధ్యాహ్నంతో అతనికి తోటి పనివాళ్లయిపోయారు. బోస్టన్‌లో ఒక పత్రిక ఒక్క సంచికతోనే సర్కారు మూయించేసిందంటే, ఎరిగినవాళ్లింట్లో చావు జరిగినట్టు నాలుక చప్పరించాడు.

ఒకసారి న్యూయార్కు ప్రింటరు సంగతి చెప్పాను. గవర్నరును విమర్శించిన రాతలు అచ్చువేశాడని ఆ ప్రింటరును పట్టుకుపోయి దాదాపు తొమ్మిది నెలలు జైల్లో పెట్టారు. భార్య పత్రిక ఆగనివ్వలేదు. జైలు తలుపు కంతలోంచి అతను చెప్తుంటే విని వచ్చి పని నడిపించింది. రాసింది నిజమైనా సరే నేరమేనని అప్పటి చట్టం. అయినా జూరీలో కూర్చున్న మామూలు మనుషులు నేరం లేదని వదిలేశారు.

అంతా విని ఖాజా అడిగింది ఒకటే. "రాసినాయన ఏడున్నడు సారూ, గన్ని దినాలు?"

"రాసినవాళ్లంతా బయటే ఉన్నారు. వాళ్ల పేర్లు పత్రికలో లేవు. ఉన్నది ప్రింటరు పేరు ఒక్కటే."

"ఆఁ," అన్నాడు. అంతలో కరెంటు వచ్చింది. మిషను దగ్గరికి వెళ్లిపోయాడు.

యాదవ్వ వచ్చింది ఆ తర్వాత ఏడాది వేసవిలో. రైలు పట్టాల అవతలి బస్తీలో దరీలు, అంటే జంపఖానాలు, నేసే కుటుంబం ఆమెది. వాళ్ల బస్తీకి ఎగువన ఉమాకాంత్ అనే ఆయన నూలుకు రంగులద్దే కార్ఖానా పెట్టాడు. రంగునీళ్లు భూమిలోకి ఇంకి బస్తీ బోరింగులో తేలుతున్నాయి.

"పొద్దుగాల బోరింగు కొట్టి సూత్తె సాలు కాజన్నా," అంది యాదవ్వ, "ఇయ్యాల ఆల్లు కార్ఖానల ఏ రంగేత్తాండ్రో చెప్పచ్చు. నిన్న నీలం. ఇయ్యాల నిమ్మపండు. పోరగాండ్ల చేతులు సూడు, దద్దుర్లు."

"సర్కారోల్లకు చెప్పలేదా?"

"చెప్పినం. కాయితం రాసియ్యమన్నరు. రాసిచ్చినం. గా కాయితం యాడవోయిందో, జాడనే లేదు."

కరపత్రం వేసి పంచుదామని బస్తీవాళ్లు అనుకున్నారు. కానీ అడుగున ఎవరూ పేరు పెట్టలేరు. బస్తీలో సగం మంది ఆ కార్ఖానాలోనే పని. యాదవ్వ కూతురు సుకన్య అక్కడే నూలు ఆరేస్తుంది. ఖాజా నా వైపు తిరిగి, "సారూ, ఆమె చెప్పేది జర మంచిగ రాస్తరా?" అన్నాడు. యాదవ్వ చెప్పింది, నేను రాశాను. ఆమె మాటలే చాలావరకు ఉంచాను. అడుగున "బస్తీవాసులు" అని పెట్టాం.

చిక్కేమిటంటే, ఉమాకాంత్ ఖాజాకు అందరికన్నా పెద్ద గిరాకీ. కార్ఖానా బిల్లు బుక్కులు, చలాన్లు, నూలు కట్టల మీది లేబుళ్లు అన్నీ ఇక్కడే అచ్చవుతాయి. అందుకని నేనొక సలహా ఇచ్చాను.

"ఖాజాభాయ్, ఈ ఒక్కదానికి ప్రెస్ లైను వద్దు."

"పేరు లేకుండ నేనెన్నడు వెయ్యలే సారూ."

"ఉమాకాంత్ చూస్తే ఊరుకుంటాడా? పని పోతుంది మీకు."

అతను ఆ దారం కట్టిన వరుసను చేతిలోకి తీసుకుని వేలితో తడిమాడు. తర్వాత నా మాట మీద గౌరవంతో దాన్ని పక్కన పెట్టేశాడు. నేను ఆ రోజు ఇంటికి వెళ్తూ, ఒక మంచివాణ్ని ఆపద నుంచి తప్పించానని కూడా అనుకున్నాను.

మిషను మీద ఏ పని ఎక్కించినా మొదటి పది పదిహేను కాగితాలు సరిగా రావు. ఒకవైపు మసి, ఒకవైపు వెలవెల. ఒత్తిడి సరిచేసేదాకా అంతే. ఆ పాడైన కాగితాలను ఖాజా పారేసేవాడు కాదు. ఒక మూలన దొంతి పెట్టుకుని, తయారైన సరుకును వాటిలోనే చుట్టి పురికొస కట్టి ఇచ్చేవాడు. నలభై ఏళ్ల అలవాటు. కరపత్రాలు వేసిన రెండో రోజు ఉమాకాంత్ కూతురు సుహాసిని పెళ్లి కార్డులు తయారయ్యాయి. ఖాజా చేతులు వాటంతటవే మూలనున్న దొంతిలోకి వెళ్లాయి.

ఉమాకాంత్ ఇంట్లో కాబోయే వియ్యంకులు కూర్చుని ఉండగా ఆ కట్ట విప్పారట. పెద్దాయన ఒకాయన కార్డు చూడకుండా చుట్టిన కాగితాన్ని సాపు చేసి పైకి చదివాడట.

సాయంత్రం ఉమాకాంత్ స్వయంగా వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ఏం ఖాజా, నా బిడ్డ పెండ్లి కార్డులకు నా దినం కార్డు చుట్టి పంపినవ్?"

"తప్పైంది అన్నా. పాడైన కాగితాలల్ల కలిసిపోయింది."

"చుట్టుడు తప్పా, వేసుడు తప్పా?"

"చుట్టుడు."

"నా బిల్లు బుక్కులు వేసే మిషన్ మీదనే నా మీద వేసినవ్. సిగ్గనిపియ్యలే?"

"నీ బిల్లుల మీద రేటు నాయమా కాదా అని నేనెన్నడన్న అడిగిన్నా అన్నా? వాల్లనూ అడగలే. తెచ్చిండ్రు, వేసిన."

"తెచ్చింది ఎవరు? గిది సదువుకున్నోడు రాసింది. పేరు చెప్పు. ముచ్చట ఖతం. బిల్లు బుక్కులు నీ దగ్గర్నే, రేపు రెండో బిడ్డ పెండ్లి కార్డులు గూడ నీ దగ్గర్నే."

"గదొక్కటి అడగకు అన్నా."

ఉమాకాంత్ అప్పుడు టైపు కేసు వెనకున్న నన్ను చూశాడు. "సారూ, మీరు పెద్దమనుషులు. మీరన్న చెప్పుండ్రి ఈయనకు."

"చెప్తాను," అన్నాను.

అవును, ఆ మాటే అన్నాను. అతను నాకు నమస్కారం పెట్టి వెళ్లాడు.

ఎస్సై వచ్చింది మూడో రోజు. యువకుడు, మర్యాదస్తుడు. కరపత్రం మొదటి నుంచి చివరిదాకా చదివి, "మంచిగ రాసిండ్రు," అన్నాడు. "ఎవరు?"

"నేను అచ్చేసేటోన్ని సార్."

"కింద ప్రెస్ పేరేది?"

"పెట్టలే."

"నీ ప్రెస్సుల వేసిన మిగతా కాగితాలన్నిట్ల ఉంది. దీంట్లనే లేదు." ఎస్సై కాగితాన్ని మడిచాడు. "పేరు పెట్టి ఉంటే నాకిక్కడ పనే లేకుండె. నీల్లు మంచియా చెడ్డయా అన్నది నా ముచ్చట కాదు. పేరు లేని కాగితం వేసుడే కేసు. రాసినోల్ల పేరు చెప్పు, నిన్ను సాక్షి కింద రాస్త."

అప్పుడే ఖాజా నా వైపు చూశాడు. నా చేతిలో ఏదో రసీదు పుస్తకం ప్రూఫు ఉంది. నేను దానిలోకి చూశాను. పెన్షను ఎవరూ ఆపలేరు. ఉద్యోగం లేదు, పోవడానికి. ఉమాకాంత్ నన్ను చేయగలిగింది కూడా ఏమీ లేదు. ఇవన్నీ తర్వాత తట్టిన సంగతులు. అప్పుడు మాత్రం ఆ ప్రూఫులో "నగదు ముట్టినది" అన్న మాటను మూడుసార్లు చదివాను.

"పేరు పెట్టకపోవుడు నా తప్పు సార్. అది రాసుకోండ్రి," అన్నాడు ఖాజా. "రాసినోల్ల పేరు నా నోట్లెకెల్లి రాదు."

కేసు రాశారు. మిషనుకు తాళం వేసి లక్కముద్ర కొట్టారు.

పేరు చెప్పేస్తే తాళం పోతుంది, గిరాకీ తిరిగొస్తుంది. చెప్పకపోతే నలభై ఏళ్ల పని పోతుంది. ఆ సంగతి సందులో అందరికీ తెలుసు. నాకు అందరికన్నా బాగా తెలుసు. నాలుగు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. ఐదో రోజు ఉదయం స్టేషనుకే వెళ్లి చెప్పేద్దామని బయలుదేరాను. ముందు అతనికో మాట చెప్పాలి కదా అని వాళ్లింటికి వెళ్లాను. స్టేషనుకు వెళ్లకుండా ఉండడానికి వెతుక్కున్న దారేమో అది.

ఖాజా లేడు, దవాఖానకు వెళ్లాడు. సుల్తానా బేగం కూర్చోమని చాయ్ ఇచ్చింది.

"ఈయన కడుపుల ఒక్క ముచ్చట ఆగది భాయ్ సాబ్," అంది. "పదేండ్ల కింద నేను సొరకాయ ఖీరు మాడగొట్టిన. ఇప్పటికి కొత్తోల్లెవలన్న కనవడ్తె ముందు గదే చెప్తడు. గసుంటోడు ఈ పేరు నాకు గూడ చెప్తలేడు. పన్నెండేండ్లు జైల్ల పెట్టినా చెప్పనంటడు. మీరు రోజు ఆన్నే ఉంటరు గదా. ఎవరో మీకు ఎరికేనా?"

"నేనే భాభీ," అన్నాను.

ఆమె చాయ్ గ్లాసు వైపు చూసింది. "నాకెందుకు చెప్పిండ్రు? ఇగ నేను గూడ దాయాలె."

ఖాజా వచ్చాక స్టేషనుకు వెళ్తున్నానన్నాను. అతను చెప్పులు విడిచి, మందుల చీటీ గూట్లో పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. కోపంగా లేడు. అలసిపోయి ఉన్నాడు.

"మీరు పోయి నేనే రాసిన అంటరు. మరి మీకెవలు చెప్పిండ్రు అంటరు వాల్లు. మీకు ఆ బస్తీ ఏడుందో గూడ ఎరికలేదు. అబద్ధం ఆడొస్తదా మీకు? ఒక్క ఝాడింపుకు యాదవ్వ పేరు చెప్తరు. ఆమె బిడ్డ ఆన్నే పని చేస్తాంది."

"మరి మీరు?"

"నాకేమైంది. ఇచ్చిన జబాను నాది, తాళం మిషన్‌ది." కాస్త నవ్వాడు. "ఊకె వచ్చి గిట్ల మొఖం పెట్టకుండ్రి సారూ. బేగం పరేషాన్ అయితది."

కరపత్రం పని చేసింది. ఆ సంగతి చెప్పకపోతే అన్యాయం. ఎవరో దాన్ని ఫోనులో ఫోటో తీసి పంపితే ఊరంతా తిరిగింది. అధికారులు వచ్చి బోరింగు నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. వర్షాలు పడేనాటికి కార్ఖానా నీళ్లు బయటికి వదలడం ఆపించారు, బస్తీకి నల్లా వేశారు. సుకన్య పని పోలేదు. రాసిందెవరో, రాయించిందెవరో ఉమాకాంత్‌కు చివరిదాకా తెలియలేదు. యాదవ్వ ఒకరోజు గిన్నెలో సర్వపిండి పట్టుకొచ్చి, తాళం వేసిన మిషను పక్కన పెట్టి, "కాజన్నా, నీల్లు తెల్లగైనయి," అని చెప్పి వెళ్లింది.

కోర్టులో ఖాజా తప్పు ఒప్పుకున్నాడు. జరిమానా కట్టాడు. లక్కముద్ర తీసేసరికి చలికాలమైంది. అప్పటికి అతని గిరాకీలంతా ఆఫ్‌సెట్‌కు అలవాటుపడ్డారు. ఉమాకాంత్ పని ఎలాగూ పోయింది. అతనికి జంకి మరికొందరు రాలేదు. కొందరు నిజంగా మంచివాళ్లే, కనిపించినప్పుడు భుజం తట్టేవాళ్లు, పని మాత్రం వేరేచోట ఇచ్చేవాళ్లు. నేను రోజూ వెళ్లేవాణ్ని. చూడ్డానికి ప్రూఫులు ఉండేవి కావు. నేను క్షమాపణ లాంటిదేదో మొదలుపెట్టినప్పుడల్లా అతను మిషనుకు నూనె పోయడానికి లేచేవాడు.

సుల్తానా బేగం తమ్ముడు సమద్‌కు జహీరాబాద్‌లో ఆఫ్‌సెట్ ప్రెస్ ఉంది. కటింగూ బైండింగూ చూసుకోవడానికి రమ్మంటున్నాడని ఖాజా ఒకసారి అన్నాడు. "ఒకల కింద పని చేసుడు మల్ల నేర్చుకోవాలె," అన్నాడు. ఎప్పుడు వెళ్లేదీ చెప్పలేదు. మరుసటి వేసవి చివర మిషను హైదరాబాద్ పాతసామాను వ్యాపారికి మాట్లాడేశాడు. అక్షరాలు బస్తాల్లోకి ఎక్కాయి.

ఆషాఢంలో ఒక సోమవారం నేను తొమ్మిదిన్నరకు వెళ్లేసరికి, ఆశ్చర్యంగా, ఖాజా చేతిలో ప్రూఫు ఉంది. ఒక చీరల దుకాణం ఆషాఢం తగ్గింపుల కరపత్రం. రెండు పేజీల నిండా చీరల పేర్లు.

"జర ఇది చూడుండ్రి సారూ, అర్జెంటు," అన్నాడు. స్టూలు తుడిచి వేశాడు. "నేను చాయ్ చెప్పొస్త."

నాకు ప్రాణం లేచివచ్చినట్టయింది. గిరాకీ మళ్లీ మొదలైంది, ఇక మిషను అమ్మడేమో అనుకున్నాను. కళ్లజోడు తుడుచుకుని మొదటి నుంచి మొదలుపెట్టాను. నేను చదవడం నెమ్మది. ఒక్కో చీర పేరు మీద పెన్సిలు ఆనించుకుంటూ వెళ్తాను, అది అతనికి తెలుసు. రెండో పేజీ సగంలో ఉండగా సందు మొదట చాయ్ బండి నడిపే మొగిలమ్మ వచ్చింది. ఒక్క గ్లాసే తెచ్చింది.

"ఖాజా ఏడీ?" అన్నాను.

"గాయిన రైలు టేషనుకు పోయిండు గద సారూ, బేగమక్కను తీస్కోని. ఆటోల సామానంత ఏస్కున్నరు. సారుకు చాయ్ ఇయ్యి, సల్లారనియ్యకు అని చెప్పి పోయిండు." ఆమె నా ముఖం చూసింది. "మీకు చెప్పలేదా?"

కాగితం అడుగుకు చూశాను. తగ్గింపు ధరల తేదీలు రెండేళ్ల కిందటి ఆషాఢానివి.

గోడ మీద గడియారం కూడా తీసేసి ఉంది. మొగిలమ్మను టైము అడిగాను. పదీ నలభై అంది. రైలు అప్పటికి కాజీపేట దాటి ఉంటుంది.